బి-సైడు చివర మూడున్నర నిమిషాలు

నిడదవోలు స్టేషను రోడ్డులో శ్రీవాణీ రికార్డింగ్ సెంటరు నడిపిన పొన్నపల్లి నాగభూషణానికి ఒక జబ్బుండేది. క్యాసెట్లో టేపు ఖాళీగా మిగిలిపోతే ఆయనకి అన్నం సయించేది కాదు. డబ్బిచ్చి కొన్నవాడికి ఉత్త టేపు అంటగట్టడం మహాపాపమని ఆయన నమ్మకం. అందుకని అసలు సరుకు అయిపోయాక, బి-సైడు చివర ఏదో ఒకటి నింపేవాడు. భక్తిపాటల తర్వాత రెండు నిమిషాలు సన్నాయి, నాటకం పద్యాల తర్వాత ఎవరిదో ఈలపాట. ఒకసారి ఏమీ దొరక్క కొవ్వూరు రేవుకి వెళ్ళి లాంచీ హారను రికార్డు చేసుకొచ్చాడు. ఇంత కష్టపడినందుకు మెచ్చుకున్నవాళ్ళెవరూ లేరు గానీ, హారను తీసేసి ఇస్తారా అని మాత్రం ఇద్దరు ముగ్గురు అడిగారు.

ఆయనకి ఇంకో గొప్ప కూడా ఉండేది, అది చేతిరాత. ప్రతి క్యాసెట్టు లేబులూ స్వయంగా, ఆకుపచ్చ ఇంకుతో, గుండ్రంగా రాసేవాడు. అచ్చు కొట్టించుకునే స్తోమత లేకే అలా రాసేవాడని గిట్టనివాళ్ళు అనేవారు. అది నిజమే అనుకోండి.

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో చిదంబర దాసుగారు వచ్చి కల్యాణ హరికథ చెప్పారు. దుకాణం వెనక గదే ఇల్లు, ఇంటి నడిమి గదే స్టూడియో. అరవై నిమిషాల క్యాసెట్టుకి దాసుగారు యాభై ఆరున్నర నిమిషాలకే మంగళం పాడేసి, గజ్జెలు విప్పుకుని, ప్యాసింజరు అందుకోవాలని పరుగెత్తారు. మిగిలినవి మూడున్నర నిమిషాలు. నాగభూషణం తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు వంటింట్లోంచి పాట వినిపించింది.

పాడుతున్నది ఆయన భార్య హైమవతి. అది వియ్యపురాలి పాట. పెళ్ళిళ్ళలో ఆడపెళ్ళివారి తరపు వాళ్ళు పెళ్ళికొడుకు తల్లిని మధ్యలో కూర్చోబెట్టి, ఆవిడ నడకనీ నగల్నీ తిండినీ ఆటపట్టిస్తూ పాడతారే, అదన్నమాట. నాగభూషణం మైకు వైరు వంటింటి గుమ్మం దాకా లాగి, "హైమా, మొదట్నుంచి ఒకసారి అందుకో" అన్నాడు. ఆవిడ చేతికి పిండి ఉండగానే, గుమ్మంలో నిలబడి పాడింది. మధ్యలో రెండుసార్లు కుక్కరు కూత వేసింది. గాజులు చప్పుడు చేశాయి. సరిగ్గా మూడు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లకి పాట అయిపోయింది.

నాగభూషణం సంతోషంగా లేబులు తీసి 'గానం' అని రాశాడు. అక్కడ పెన్ను ఆగింది. వీధరుగు మీద ఆయన తల్లి కూర్చుని ఉంది. కోడలు వియ్యపురాలిని ఎగతాళి చేసిన పాట ఊరూరా మోగితే ఆవిడ ఊరుకుంటుందా? పైగా పెళ్ళాం పాట అమ్ముకుంటున్నాడని వీధిలో అనరా? ఒక్క నిమిషం ఆలోచించి, 'చిదంబర దాసు' అని రాసేశాడు. రాసి, ఆరబెట్టి, మర్చిపోయాడు. ముప్పై ఆరేళ్ళు హాయిగా మర్చిపోయాడు.

మొన్న ఆషాఢంలో పాత స్నేహితుడు హార్మోనియం అప్పన్న వాట్సాప్‌లో ఒక లింకు పంపాడు. నొక్కితే నాదకోశం అనే వెబ్‌సైటు తెరుచుకుంది. పాత పాటల వివరాలన్నీ జనమే పోగుచేసే చోటట. 'ఎవరైనా చేర్చవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు' అని నుదుటి మీదే రాసి ఉంది. ఎవరో పుణ్యాత్ముడు దాసుగారి క్యాసెట్టు ఎక్కించాడు. నాగభూషణం దగ్గరే దాని కాపీ లేదు, తొంభై ఆరు తుఫానులో తడిసిపోయింది. చివరి భాగం నొక్కాడు. ఇరవై నాలుగేళ్ళ హైమవతి గొంతు ఫోన్లోంచి వచ్చింది. ఆయనకి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

తుడుచుకుని కింద చూస్తే ఇలా ఉంది: 'గానం: చిదంబర దాసు (స్త్రీగాత్ర ప్రయోగం). కథాంతమున కథకుడు వియ్యపురాలి పాత్రను ఆవహింపజేసుకొని, పురుషకంఠమును సంపూర్ణముగా త్యజించిన అపూర్వ ఘట్టము.' దాసుగారి గొంతు రోట్లో పచ్చడి నూరినట్టుండేదని ఆయన్ని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. అయినా కింద అభిమానులు, ఆ లాలిత్యం మగవాడికి సాధ్యమా అని ఒకరినొకరు అడిగి, సాధ్యమేనని తేల్చుకున్నారు.

హైమవతిని పిలిచి వినిపించాడు. ఆవిడ రెండు చరణాలైనా వినకుండా, "పొయ్యి మీద పాలున్నాయండీ" అని వెళ్ళిపోయింది. ఈవిడకి ఏదీ పట్టదనుకున్నాడు నాగభూషణం. సరే, పేరు దిద్దడం ఎంతసేపు, రెండు నిమిషాల పని. పాలు పొంగేలోగా అయిపోతుందనుకున్నాడు.

మర్నాటికి జవాబు వచ్చింది. రాసినాయన పేరు నాదరక్షక, హోదా ప్రధాన ధ్రువీకర్త. 'తమ సవరణ సాదరముగా స్వీకరింపబడి, సహేతుకముగా తిరస్కరింపబడినది. మూడవ నియమము చూడుడు.' చూశాడు. మూడవ నియమం: 'లేబులే ప్రమాణము. జ్ఞాపకము పొరబడును. కుటుంబసభ్యులు అభిమానపడుదురు. కళాకారులు అతిశయింతురు. లేబులు వీటిలో ఏదియును చేయదు.'

నాగభూషణం నవ్వుకుని, ఆ లేబులు రాసింది నేనే బాబూ, నాకు తెలీదా అని రాశాడు. నాదరక్షక చలించలేదు. తమరే లేఖకులని నిరూపించుకొనుడు, చేతిరాత నమూనాలు జతపరచుడు అన్నాడు. అటక ఎక్కి, నడుం పట్టేసి, దిగి, మంచం మీద రెండ్రోజులు పడుకుని, మళ్ళీ ఎక్కి పాత లేబుళ్ళు యాభై తీశాడాయన. ఫోటోలు తీసి పంపాడు. నాదకోశం వాళ్ళ సంఘం పరిశీలించింది. అక్షరాల వంపులు సరిపోయాయి. ఆకుపచ్చ ఇంకు సరిపోయింది. నాగభూషణమే లేఖకుడని ఏకగ్రీవంగా తేలింది.

ఫలితంగా నాదకోశంలో ఆయనకి ఒక పేజీ వెలిసింది. 'పొన్నపల్లి నాగభూషణం, లేబుల్ లేఖకుడు. గోదావరి ప్రాంతపు విశ్వసనీయ లేఖకులలో అగ్రగణ్యుడు. విశ్వసనీయత: నూటికి తొంభై ఎనిమిది.' నిజం చెప్పాలంటే ఆ రోజు ఆయన కాలు నేల మీద నిలవలేదు. ఆ పేజీని అప్పన్నకి పంపాడు, వియ్యంకుడికి పంపాడు, గ్యాసు బండ తెచ్చినవాడికి కూడా చూపించాడు. సాయంత్రానికి గానీ వెలగలేదు. ఇంత విశ్వసనీయుడైన లేఖకుడు దాసుగారి పేరు రాశాడంటే, పాడింది దాసుగారే అయి తీరాలి. హైమవతి పేరు కోసం వెళ్ళి తన పేరు తెచ్చుకుని వచ్చాడు.

ఈలోగా పాట పేజీ ఊరికే కూర్చోలేదు. పాట చప్పుళ్ళ మీద పరిశోధన మొదలైంది. 'కరకంకణ వాద్యము: చిదంబర దాసు' అని గాజులు కూడా ఆయనకే రాసేశారు. రెండు చోట్ల వినిపించే కూత ఏ వాద్యమన్నదాని మీద పెద్ద చర్చ జరిగింది. నాగస్వరమని ఒకరు, ఇంజను అని ఇంకొకరు. నాగభూషణానికి ఒళ్ళు మండి, అది మా అయిదు లీటర్ల కుక్కరు, మా పెళ్ళికి మా బావమరిది పెట్టింది అని రాశాడు. గంటలో ఆమోదం వచ్చింది. 'ఈల వాద్యము: ప్రెషర్ కుక్కర్ (అయిదు లీటర్లు).'

"కుక్కరుకి లేబుల్ అక్కర్లేదా?" అని నిలదీశాడాయన.

"మూడవ నియమము మనుష్యులకు మాత్రమే వర్తించును" అని జవాబు. "కుక్కరు అతిశయింపదు."

ఆ మాట హైమవతికి చదివి వినిపిస్తే ఆవిడ కుక్కరు తోముకుంటూనే ఉంది.

నియమావళి మొత్తం చదవడానికి నాగభూషణానికి ఏడు రోజులు పట్టింది. పెన్సిలుతో గీతలు గీసుకుంటూ, భోజనం పళ్ళెం పక్కన పెట్టుకుని చదివాడు. పదకొండవ నియమం దగ్గర ఆయన మొహం వెలిగింది. లేఖకుడు అలవాటుగా అసత్యములు వ్రాయువాడని ఊరిలోని ముగ్గురు పెద్దలు వ్రాసియిచ్చినచో, లేబులును పునఃపరిశీలింపవచ్చును. అంటే తాను అబద్ధాలకోరునని ముగ్గురి చేత రాయించుకుంటే చాలు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన పరువు తీయించుకోవడానికి తానే ఊరి మీద పడ్డాడు.

మొదట అప్పన్న దగ్గరికి వెళ్ళాడు. "నువ్వా, అబద్ధాలా? ఆ దరిద్రపు హారను మీద కూడా 'లాంచీ హారను, కొవ్వూరు రేవు, ఉదయం ఏడు గంటలు' అని రాసినవాడివి. నా చేత పాపం చేయించకు" అన్నాడు అప్పన్న.

కిరాణా ఖాదర్ వలీగారు కుర్చీ వేసి టీ ఇచ్చారు. "మా వాడి పెళ్ళి క్యాసెట్టు ఇంకా ఉంది నాగభూషణంగారూ. 'ఇక్కడ కరెంటు పోయినది, క్షమించాలి' అని రాశారు మీరు. ఎవరు రాస్తారండి అలాగ? మీ గురించి చెడ్డగా రాస్తే మా ఆవిడ నాకు అన్నం పెట్టదు."

రిటైరైన హెడ్మాస్టరు గంటి సోమేశ్వరరావుగారైతే ఆయన్ని పరీక్షగా చూసి, బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగారు. బతిమాలితే కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, చక్కగా మూడు వాక్యాలు రాసి ఇచ్చారు. నాగభూషణం వీధిలోకొచ్చి చదువుకున్నాడు. 'ఇతనిని నలభై ఏళ్ళుగా ఎరుగుదును. నాకు తెలిసినంతవరకు ఇతడు సత్యసంధుడు. ప్రస్తుతం కొంత అస్వస్థతగా ఉన్నాడు' అని ఉంది.

దాన్ని చింపి పారేస్తే ఏ గొడవా ఉండకపోను. కానీ ఫారంలో 'సేకరించిన సాక్ష్యములన్నియు దాచకుండా జతపరిచితిని' అనే గడి ఒకటుంది. దాని మీద టిక్కు పెట్టి, అబద్ధం ఆడలేక, హెడ్మాస్టరుగారి కాగితం కూడా ఎక్కించాడు మహానుభావుడు. ఆయన విశ్వసనీయత తొంభై తొమ్మిదికి పెరిగింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి, ప్రత్యక్ష విచారణ. పదిహేడవ నియమం ప్రకారం వీడియోలో సంఘం ముందు సాక్షిని ప్రవేశపెట్టవచ్చు. ఆదివారం పదకొండింటికి సమయం ఇచ్చారు. నాగభూషణం ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి, పక్కన హైమవతిని కూర్చోబెట్టాడు. ఆవిడ గోరుచిక్కుళ్ళ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెర మీద నాదరక్షక కనిపించాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, వెనకాల వీణ బొమ్మ. మిగతా ఇద్దరు సభ్యులు కెమెరాలు కట్టేసుకున్నారు.

"సాక్షి తమ పేరును, ఫిర్యాదితో సంబంధమును విన్నవింపవలెను" అన్నాడు నాదరక్షక.

"హైమవతి. పాట నేను పాడాను బాబూ. ఈయన్ని పెళ్ళి కూడా చేసుకున్నాను."

"ఇక్కడ ఒక చిన్న సాంకేతిక ఇబ్బంది గలదు. తమరే గాయని అయినచో తమరు స్వప్రయోజనపరులు. కావున తమ మాట చెల్లదు. గాయని కానిచో తమకు విషయము తెలియు అవకాశము లేదు. అప్పుడును చెల్లదు."

"మరి పిలిచిందెందుకు?"

"సాక్షిని విచారింపవలెనని నియమావళిలో ఉన్నదమ్మా."

"విచారించండి. నేను చిక్కుళ్ళు విరుచుకుంటూ ఉంటాను."

నాదరక్షక కాగితాలు తిరగేసుకున్నాడు. "లేబులు వ్రాయు సమయమున తమరెక్కడ ఉన్నారు?"

వంటింట్లో, అని నాగభూషణం అందించబోయాడు.

"ఈయన వెనకాలే ఉన్నాను" అంది హైమవతి.

నాగభూషణం తిరిగి చూశాడు. ఆవిడ చిక్కుళ్ళ నార తీస్తూనే చెప్పింది. "పాట అయ్యాక చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డాను. ఈయన దస్తూరీ బావుండేది. ఆ రాతలో నా పేరు ఎలా ఉంటుందో చూద్దామని. పెళ్ళయి నాలుగేళ్ళయింది అప్పటికి, రేషన్ కార్డులో తప్ప నా పేరు ఎక్కడా ఎవరూ రాసింది లేదు. 'గానం' అని రాశారు. ఆగారు. నేనూ ఆగాను. తర్వాత దాసుగారి పేరు రాశారు. నేను లోపలికెళ్ళి పప్పు ఎనుపుకున్నాను."

కెమెరా కట్టేసుకున్న సభ్యుడొకాయన దగ్గాడు.

"ఆ తర్వాత ఈయన మిషను పెడితే నేను పాడలేదు" అంది ఆవిడ. "రెండుసార్లు అడిగారు. గొంతు బాలేదన్నాను. పాపం మిరియాలు తెచ్చి కషాయం కాచి ఇచ్చారు."

ఆ కషాయం నాగభూషణానికి బాగా గుర్తుంది. భార్యని ఎంత బాగా చూసుకుంటానో అని చాలామందికి చెప్పుకున్నాడు కూడా. ముప్పై ఆరేళ్ళు తన లేబుళ్ళలో ఒక్క తప్పూ లేదని మురిసిపోయిన మనిషికి, ఇంట్లో మనిషి పాట మానేసిన సంగతే తెలీలేదు. ఆయనకి సిగ్గేసింది. ఫోనుకేసి చూడలేక చిక్కుళ్ళకేసి చూశాడు.

"అప్పుడే అడగొచ్చుగా హైమా" అన్నాడు.

"అడిగితే రాసేవారా?"

రాసేవాణ్ణే అనడానికి ఎంతసేపు. సంఘం వింటోంది, ఆ ఒక్క మాటతో కేసుకి బలం కూడా వస్తుంది.

"రాసేవాణ్ణి కాదు" అన్నాడు. "అమ్మంటే భయం. వీధంటే భయం. నీ పాట కావాలి నాకు, టేపు నిండాలి కాబట్టి. నీ పేరు అక్కర్లేదు. అంతే."

హైమవతి నార తీయడం ఆపలేదు గానీ, తల ఒకసారి ఊపింది. తెర మీద నాదరక్షక మాత్రం కుర్చీలో ముందుకు జరిగాడు. ఆయన మొహంలో మొదటిసారి ప్రాణం కనిపించింది.

"లేఖకుడు ఉద్దేశపూర్వక అసత్యమును స్వయముగా అంగీకరించినట్లు నమోదు చేయడమైనది. ఇది తనకు వ్యతిరేకముగా తానిచ్చుకొన్న సాక్ష్యము గనుక చెల్లును. సభ ముగిసినది."

నాలుగో రోజున తీర్పు వచ్చింది. నాగభూషణం పేజీ తొలగించారు. విశ్వసనీయత సున్నా. ఆయన దస్తూరీ ఉన్న నాలుగు వందల పన్నెండు క్యాసెట్లూ సందేహాస్పదాల పట్టీలోకి వెళ్ళిపోయాయి. కొవ్వూరు రేవు లాంచీ హారను నిజంగా లాంచీదేనా అని ఒక ఉపసంఘం వేశారు. దాసుగారి స్త్రీగాత్ర ప్రయోగం మీద రాసిన మూడు వ్యాసాలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. ఇక ఆ పాట దగ్గర, దాసుగారి పేరు కొట్టేశారు. లేబులు అబద్ధమని రుజువైంది గనుక ఆయన కాదు. సాక్షి స్వప్రయోజనపరురాలు గనుక ఆవిడా కాదు. అందువల్ల 'గానం: తెలియదు' అని పెట్టారు.

నాగభూషణం పొద్దున్నే కాఫీ తాగకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఇన్నాళ్ళ పోరు, నడుం నొప్పి, ఊళ్ళో పరువు, అన్నీ కలిపి కూడితే చివరికి భార్య పేరు 'తెలియదు' దగ్గర వచ్చి ఆగింది. అప్పీలుకి ఇరవై రెండో నియమం ఏదో ఉందని గుర్తొచ్చి, కళ్ళజోడు కోసం తడుముకుంటున్నాడు. హైమవతి కాఫీ గ్లాసు పెట్టి, వంగి తెర చూసింది.

"దాసుగారిని తీసేశారే" అంది.

"తీసేశారు. నీ పేరు మాత్రం పెట్టలేదు."

"ఇలా ఇవ్వండి" అని ఫోను చేతిలోంచి తీసుకుంది. ఆయన పక్కనే బల్ల మీద కూర్చుని, వేలు ఎక్కడ నొక్కాలో అడక్కుండానే నొక్కింది. మూడు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లూ వింది. కుక్కరు కూతలకి నవ్వలేదు, లేచి వెళ్ళలేదు. నాగభూషణం గ్లాసు అలాగే పట్టుకుని ఆవిడ మొహంకేసి చూస్తూ ఉన్నాడు. పాట ఆగిపోయాక ఆవిడ కొంగుతో తెర తుడిచింది.

"రెండో చరణంలో శ్రుతి పోయింది" అంది.

"పోలేదు."

"పోయిందండీ."

"ఇన్నిసార్లు విన్నాను, ఎక్కడా పోలేదు."

హైమవతి ఫోను ఆయన చేతిలో పెట్టి లేచింది.

"పాడింది నేను. నాకు తెలీదా?"